పోలీసు, జైలు, కోర్టు కాగితాలు: వినకూడని సలహాలు

కొడుకును పోలీసులు తీసుకెళ్లిన తల్లికి, రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికి, ఎప్పుడో కొట్టేసిన పాత కేసుకు రుజువు చూపమన్నారని తిరుగుతున్న ఉద్యోగికి ముందుగా కావలసింది ఒక కాగితమే. దాని కోసం ఇంట్లోంచి బయటికి రాగానే సలహాలు మొదలవుతాయి. స్టేషన్ ఎదురుగా టీకొట్టులో, కోర్టు ఆవరణలో టైపిస్టు బల్ల దగ్గర, జైలు ములాఖత్ క్యూలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారు. చెప్పేవాళ్లలో చాలామందికి మన మంచే కావాలి. అయినా ఆ సలహాల్లో ఎక్కువ భాగం నష్టమే చేస్తాయి, ఎందుకంటే వాటన్నిటి వెనక ఒకే నమ్మకం ఉంది: రికార్డు అంటే అధికారి దయ తలచి ఇచ్చేది అని.

అది తప్పు. ఏ కాగితం ఎవరికి, ఎన్ని రోజుల్లో, ఎంత రుసుముతో ఇవ్వాలో చట్టం చాలావరకు రాసిపెట్టింది. మనం మూడు విషయాలు తేల్చుకోవాలి: నాకు కావలసిన కాగితం ఏది, అది ఈ రోజు ఎవరి దగ్గరుంది, ఏ చట్టం కింద అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో మామూలుగా వినిపించే తప్పుడు సలహాలను, వాటి బదులు చేయవలసిన పనులను కింద ఇస్తున్నాను. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు కొత్తవే ఇస్తున్నాను. అంతకుముందటి కేసుల కాగితాల మీద పాత నంబర్లే ఉంటాయి, కంగారు పడకండి.

1. "ఎఫ్‌ఐఆర్ కాపీ కావాలంటే పైనుంచి ఒక ఫోన్ చేయించండి"

ఫోన్ చేయించకండి. బీఎన్‌ఎస్‌ఎస్ 173(2) ప్రకారం ఫిర్యాదు చేసిన వ్యక్తికి గానీ బాధితుడికి గానీ ఎఫ్‌ఐఆర్ ప్రతి వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. ఇక్కడ సిఫార్సుతో పని లేదు. పైగా ఫోన్ చేయించి తెచ్చుకుంటే మనం అడిగినట్టు గానీ వాళ్లు నిరాకరించినట్టు గానీ ఎక్కడా రాతలో ఉండదు. రేపు ఎవరికి చెప్పుకోవాలన్నా ఆధారం మిగలదు.

స్టేషన్‌లో నోటిమాటగా చెప్పింది రాసుకున్నప్పుడు, సంతకం పెట్టేముందు చదివి వినిపించమనండి. సంఘటన జరిగిన తేదీ, సమయం, స్థలం, మీరు చెప్పిన పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. క్రైం నంబరు, సంవత్సరం, పెట్టిన సెక్షన్లు, దర్యాప్తు అధికారి పేరు విడిగా ఒక నోటుబుక్కులో రాసుకోండి. తర్వాత వేసే ప్రతి దరఖాస్తుకూ ఆ క్రైం నంబరే ఆధారం.

కేసు నమోదు చేయడానికే నిరాకరిస్తే ఫిర్యాదును ఎస్పీకి లేదా పోలీసు కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. 173(4) ఈ రెండు దారులనూ వరుసగా చెబుతోంది.

ఎఫ్‌ఐఆర్‌ను వెబ్‌సైట్‌లో కూడా చూడవచ్చు. నమోదైన 24 గంటల్లో ఎఫ్‌ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఆదేశించింది. నెట్ సదుపాయం సరిగా లేని చోట్ల ఆ గడువు గరిష్ఠంగా 72 గంటలు. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. మినహాయింపు వెబ్‌సైట్‌లో పెట్టడానికే గానీ ఫిర్యాదుదారుకు, బాధితులకు ప్రతి ఇవ్వడానికి కాదు.

2. "పిటిషన్ ఇచ్చేశాం కదా, ఇక కేసు అయినట్టే"

కాలేదు. స్టేషన్‌లో ఇచ్చిన పిటిషన్ వేరు, నమోదైన ఎఫ్‌ఐఆర్ వేరు. పిటిషన్ ఇచ్చి నెలలు గడిచాక అసలు కేసే లేదని తెలుసుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అప్పటికి గాయాలు మానిపోతాయి, సాక్షులు ఊరు మారతారు, కెమెరా రికార్డింగులు చెరిగిపోతాయి.

పిటిషన్ రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకదాని మీద తేదీ, సంతకం, స్టేషన్ ముద్ర వేయించుకోండి. జనరల్ డైరీలో ఎక్కించిన ఎంట్రీ నంబరు అడగండి. కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం) జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని, అందిన సమాచారమంతా జనరల్ డైరీలో కనిపించాలని లలితా కుమారి కేసులో 2013 నవంబరు 12న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిచెప్పింది. 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ చేయవచ్చని కొత్త చట్టం అంటోంది గానీ, దానికీ 14 రోజులే గడువు.

"ఇది మా పరిధి కాదు" అంటే తలూపి వెనక్కి రాకండి. నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయాలని 173(1) స్పష్టంగా చెబుతోంది. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. నమోదు చేశాక సంబంధిత స్టేషన్‌కు పంపడం వాళ్ల బాధ్యత. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు లేదా బాధితుడికి తెలియజేయాలని 193(3) చెబుతోంది. ఆ గడువు దాటితే ఆ సెక్షన్ రాసి దర్యాప్తు అధికారికి ఒక ఉత్తరం పెట్టండి.

3. "చార్జిషీట్ పడేదాకా నిందితుడికి ఏ కాగితమూ ఇవ్వరు"

అరెస్టయినవాళ్ల కుటుంబాలను అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసే సలహా ఇది. బెయిలు వాదించాల్సిన మొదటి వారమంతా దీన్ని నమ్మి ఖాళీ చేతులతో కూర్చుంటారు.

అరెస్టు జరిగినప్పుడే అరెస్టు మెమో రాయాలి. కుటుంబ సభ్యుడు గానీ ఊళ్లో పెద్దమనిషి గానీ సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం చేయాలి. ఇది 1996 నాటి డి.కె. బసు తీర్పుతో వచ్చి ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 36లో ఉంది. అరెస్టుకు కారణాలు చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి. అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, నేర స్వభావం ప్రతి స్టేషన్‌లోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనపడేలా ప్రదర్శించాలని సెక్షన్ 37 అంటోంది. మనిషిని ఎక్కడికి తీసుకెళ్లారో తెలియనప్పుడు ముందు అడగవలసింది జిల్లా పోలీసు కంట్రోల్ రూమును. వైద్య పరీక్ష నివేదిక ప్రతి అరెస్టయిన వ్యక్తికి లేదా ఆయన సూచించినవారికి ఇవ్వాలి. ఒంటిమీద దెబ్బలుంటే ఈ కాగితాన్ని మించిన సాక్ష్యం లేదు.

ఎఫ్‌ఐఆర్ సంగతికొస్తే, నిందితుడు గానీ ఆయన తరఫు మనిషి గానీ దరఖాస్తు చేసి రుసుము కడితే పోలీసులు 24 గంటల్లో ప్రతి ఇవ్వాలని పైన చెప్పిన 2016 తీర్పే ఆదేశించింది. ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటు కోర్టుకు చేరాక అక్కడ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేస్తే 2 పనిదినాల్లో ఇవ్వాలి. స్టేషన్‌లో ఇవ్వకపోతే కోర్టులో అడగండి.

చార్జిషీట్ దాఖలయ్యాక, నిందితుడు హాజరైన 14 రోజుల్లోగా పోలీసు రిపోర్టు, ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, దానితో జతచేసిన పత్రాలు కోర్టు ఉచితంగా ఇవ్వాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 230 ఇప్పుడు ఇదే హక్కును న్యాయవాదిని పెట్టుకున్న బాధితుడికి కూడా ఇచ్చింది. ఈ మార్పు చాలామంది బాధిత కుటుంబాలకు ఇంకా చేరలేదు. కేస్ డైరీ మాత్రం నిందితుడికి ఇవ్వరు. దాన్ని అడుగుతూ సమయం పోగొట్టుకోవద్దు.

4. "ఏ కాగితమైనా సరే, ఒక ఆర్టీఐ పడేయండి"

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) గొప్పది. అయినా ప్రతి కాగితానికీ అది దారి కాదు.

కోర్టు రికార్డుల నకళ్లు హైకోర్టు నియమాల ప్రకారం కాపీ దరఖాస్తు పెట్టే తీసుకోవాలి, ఆర్టీఐ కింద కాదు అని 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. అంటే వాంగ్మూలాల కోసం, ఆర్డరు కోసం కోర్టుకు ఆర్టీఐ పెడితే 30 రోజులు ఎదురుచూసి తిరస్కరణ ఉత్తరం అందుకుంటారు. అదే రోజు కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు ఇచ్చి ఉంటే ఎప్పుడో చేతికొచ్చేది. చార్జిషీట్లను అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో పెట్టాలన్న అభ్యర్థనను కూడా 2023 జనవరి 20న సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కేసుతో సంబంధమున్నవారు చార్జిషీటును కోర్టు ద్వారానే తీసుకోవాలి.

మరి ఆర్టీఐ దేనికి? పోలీసు, జైళ్ల శాఖల పరిపాలనా రికార్డులకు. మీ పిటిషన్ మీద ఏ చర్య తీసుకున్నారు, ఏ అధికారికి పంపారు, ఏ తేదీన మూసేశారు, ఫలానా స్టేషన్‌లో కెమెరాలు ఎన్ని, వాటిలో పనిచేస్తున్నవి ఎన్ని, ఫలానా ఖైదీ క్షమాభిక్ష దరఖాస్తు ఎక్కడ ఆగింది వంటివి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో చేసిన నియమాల్లో గ్రామస్థాయి కార్యాలయాలకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లరేషన్ కార్డున్న పేదలు ఆ కార్డు నకలు జతచేస్తే రుసుము కట్టనక్కర్లేదు. తెలుగులో రాయవచ్చు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటోంది. తప్పు కార్యాలయానికి వెళ్లినా 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాల్సింది వాళ్లే.

ఒక మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. విడుదల తేదీ దాటినా లోపలే ఉన్న ఖైదీ విషయం ఇలాంటిదే. దరఖాస్తు పైభాగంలో "ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించినది, సెక్షన్ 7(1)" అని రాసి, అదెలాగో రెండు వాక్యాల్లో చెప్పండి. ఒట్టినే ఆ మాట రాస్తే చెల్లదు.

5. "దర్యాప్తులో ఉంది అన్నారంటే ఇక వదిలేయండి"

వదలకండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(హెచ్) దర్యాప్తుకు, అరెస్టుకు, ప్రాసిక్యూషన్‌కు అడ్డు తగిలే సమాచారాన్ని ఆపమంటోంది. దర్యాప్తు నడుస్తోందన్న ఒక్క కారణం చాలదని, సమాచారం ఇస్తే అది ఎలా అడ్డుపడుతుందో అధికారి చూపించాలని భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2007 డిసెంబరు 3న చెప్పింది. నిరాకరణ సరైనదేనని రుజువు చేసే భారం అధికారిదేనని చట్టంలోని 19(5) కూడా అంటోంది. ఒక పత్రంలో కొంత భాగమే రహస్యమైతే దాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 ఉంది.

తిరస్కరణ ఉత్తరం వస్తే అందులో మూడు ఉన్నాయో లేదో చూడండి: కారణం, అప్పీలు గడువు, అప్పీలు ఎవరికి చేయాలన్న వివరం. 30 రోజుల్లో మొదటి అప్పీలు అదే శాఖలోని పై అధికారికి, ఆ తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వేయాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. మొదటి అప్పీలు వేయకుండా ఊరుకునేవాళ్లే ఎక్కువ. "వదిలేయండి" అన్న సలహా వాళ్లను అక్కడే ఆపేస్తోంది.

ఇతరుల వ్యక్తిగత సమాచారం విషయంలో మాత్రం దారి ఇప్పుడు ఇరుకైంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా 8(1)(జె)కి చేసిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చి, వ్యక్తిగత సమాచారం మినహాయింపును విస్తృతం చేసింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న 8(2) మిగిలే ఉంది. అందుకే పక్కవాడి వివరాలు కాకుండా అధికారి చేసిన పని గురించి అడగండి.

6. "మొత్తం ఫైలు అడగండి, అన్నీ బయటపడతాయి"

మొత్తం ఫైలు అడిగితే ఏదీ రాదు. "ఫలానా కేసుకు సంబంధించిన సమస్త పత్రాలు" అని రాస్తే, మీకు అవసరం లేని ఒక రహస్య పత్రాన్ని చూపించి ఫైలంతా నిరాకరించడానికి వీలిచ్చినట్టే. "ఎందుకు అరెస్టు చేయలేదు?", "మీరు లంచం తీసుకున్నారా?" వంటి ప్రశ్నలకూ జవాబు రాదు. సమాచార హక్కు చట్టం ఉన్న రికార్డును ఇప్పిస్తుంది గానీ అధికారి చేత సంజాయిషీ రాయించదు. తేదీతో, నంబరుతో, పత్రం పేరుతో అడగండి. ఇలా:

"ఫలానా పోలీస్ స్టేషన్‌లో ఫలానా తేదీన నేను ఇచ్చిన పిటిషన్‌కు (రసీదు నకలు జతచేశాను) సంబంధించి ఈ కింది వాటి ధ్రువీకరించిన ప్రతులు ఇవ్వగలరు. 1) ఆ పిటిషన్ అందినట్టు జనరల్ డైరీలో రాసిన ఎంట్రీ. 2) విచారణకు అప్పగించిన అధికారి పేరు, హోదా, అప్పగించిన తేదీ ఉన్న ఉత్తర్వు. 3) విచారణ ముగిసి ఉంటే తుది నివేదిక. ఇందులో ఏ భాగమైనా ఇవ్వలేకపోతే సెక్షన్ 10 ప్రకారం మిగతా భాగం ఇచ్చి, ఇవ్వని భాగానికి కారణం తెలుపగలరు."

ఇంతకు మించి ఒక్క వాక్యం అక్కర్లేదు. కోపం, కష్టం, కుటుంబ కథ దరఖాస్తులో రాయకండి. ఏ పత్రం అడగాలో తెలియకపోతే సెక్షన్ 2(జె) కింద ఫైలు చూసే అవకాశం కోరండి. తనిఖీకి మొదటి గంట ఉచితం. ఫైలు తిరగేసి, కావలసిన పేజీలు గుర్తుపెట్టుకుని, వాటికే డబ్బు కట్టండి.

7. "కోర్టు నకళ్ల సంగతి గుమాస్తా చూసుకుంటాడు, మీకెందుకు"

వకీలు దగ్గర పనిచేసే గుమాస్తాలు కష్టజీవులు, ఈ పనిలో నిపుణులు. అయినా మీ కాగితం ఏ దశలో ఉందో మీకు తెలియాలి, ఎందుకంటే గడువు దాటితే నష్టపోయేది మీరు.

ఒకే కేసుకు చాలా నంబర్లు ఉంటాయని ముందు గుర్తుంచుకోండి. స్టేషన్‌లో క్రైం నంబరు. మేజిస్ట్రేటు కోర్టులో చార్జిషీట్ తీసుకున్నాక సి.సి. నంబరు. సెషన్స్ కోర్టు విచారించవలసిన పెద్ద నేరమైతే ముందు పి.ఆర్.సి. నంబరు, అక్కడికి పంపాక ఎస్.సి. నంబరు. బెయిలు వంటి మధ్యంతర దరఖాస్తులకు క్రిమినల్ ఎం.పి. నంబర్లు. క్రైం నంబరుతో కోర్టు రికార్డు రూముకు వెళ్లి "దొరకలేదు" అనిపించుకుని వచ్చేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఐఆర్ నంబరుతోనూ, పేరుతోనూ వెతికి కోర్టు నంబరు, 16 స్థానాల సీఎన్‌ఆర్ నంబరు పట్టుకోవచ్చు.

నంబరు దొరికాక కాపీ దరఖాస్తు ఇవ్వాలి. కేసులో పార్టీలైతే నేరుగా ఇవ్వవచ్చు. మూడో వ్యక్తి అయితే ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్ జతచేయాలి, అనుమతి కోర్టు ఇష్టం. దరఖాస్తు ఇచ్చాక ఎన్ని స్టాంపులు కావాలో నోటీసు బోర్డు మీద పెడతారు. ఆ గడువులో స్టాంపులు కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. చాలా దరఖాస్తులు పోయేది ఇక్కడే, కాబట్టి బోర్డు మీరే చూసుకోండి.

నకలు చేతికి వచ్చాక దాని మీద వేసిన తేదీలు చూడండి: దరఖాస్తు ఇచ్చిన రోజు, స్టాంపులు అడిగిన రోజు, కట్టిన రోజు, నకలు సిద్ధమైన రోజు, ఇచ్చిన రోజు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 ప్రకారం నకలు తయారవడానికి పట్టిన కాలాన్ని అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకు అప్పీలైతే 60 రోజులు. స్టాంపులు కట్టడంలోనూ నకలు తీసుకోవడంలోనూ మీరు చేసిన ఆలస్యానికి ఈ మినహాయింపు ఆశించకండి. జైలు శిక్ష పడినవారికి మాత్రం తీర్పు ప్రతి అప్పటికప్పుడు ఉచితంగా ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ 404 చెబుతోంది. కోర్టు హాలు దాటకముందే అడగండి.

8. "ఫోన్‌లో కనిపిస్తోంది కదా, సర్టిఫైడ్ కాపీ దండగ"

ఈ-కోర్ట్స్‌లో కనిపించేది తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. వాయిదా తేదీ, ఆర్డరు సారాంశం అక్కడ చూసుకోవచ్చు. కానీ అప్పీలుకు, ఉద్యోగ విచారణకు, పాస్‌పోర్టు అభ్యంతరానికి, బీమా వివాదానికి అవతలివాళ్లు అడిగేది కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీనే. అమెరికాలో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసే తెలుగువాళ్లకు కూడా ఎప్పుడైనా అరెస్టయి ఉంటే ఆ కేసు ఎలా ముగిసిందో చెప్పే ధ్రువీకరించిన కోర్టు పత్రం కావాల్సి వస్తుంది. స్క్రీన్‌షాట్ అక్కడ చెల్లదు.

కేసు కొట్టేసిన రోజే రెండు సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి. కోర్టులు తీర్పులను ఎక్కువ కాలం, మిగతా కాగితాలను తక్కువ కాలం ఉంచుతాయి. గడువు తీరిన రికార్డును నియమాల ప్రకారం నాశనం చేస్తారు. ఏళ్ల తర్వాత వెళ్లినప్పుడు రికార్డు లేదంటే నోటిమాటతో వెనక్కి రాకండి. దరఖాస్తు మీదే "రికార్డు అందుబాటులో లేదు" అని ఎండార్స్‌మెంట్ రాయించుకోండి. లేదన్న కాగితం కూడా ఒక రుజువే.

9. "జైలు గోడల లోపలి కాగితం బయటికి రాదు"

వస్తుంది. 1894 నాటి ప్రిజన్స్ చట్టం సెక్షన్ 12 జైలు సూపరింటెండెంట్ ఏయే రిజిస్టర్లు ఉంచాలో చెబుతోంది: లోపలికి వచ్చిన ఖైదీల రిజిస్టరు, ఎవరు ఎప్పుడు విడుదల కావాలో రాసే పుస్తకం, శిక్షల పుస్తకం, సందర్శకుల పుస్తకం, ఖైదీ దగ్గర తీసుకున్న డబ్బు, వస్తువుల వివరాలు. రాజమండ్రి సెంట్రల్ జైలైనా, చంచల్‌గూడ అయినా, మండలంలోని సబ్‌జైలైనా ఈ రికార్డులు ఉండాలి. ఖైదీ తన గురించి తాను అడగవచ్చు. ఇంట్లోవాళ్లు అడిగితే, ముఖ్యంగా వైద్య రికార్డులకు, ఖైదీ సంతకం చేసిన అధికార పత్రం జతచేయండి. ములాఖత్‌లో ఆ కాగితం ఇచ్చి, జైలు అధికారి ధ్రువీకరణతో తీసుకోండి.

కుటుంబానికి అన్నిటికన్నా పనికొచ్చే కాగితం, ఖైదీ ఎన్ని రోజులు లోపల ఉన్నాడో చెప్పే ధ్రువీకరణ. విచారణ ఖైదీగా గడిపిన రోజులు శిక్షలోంచి తగ్గుతాయని బీఎన్‌ఎస్‌ఎస్ 468 అంటోంది. ఆ లెక్క తప్పితే మనిషి అనవసరంగా లోపల ఉంటాడు. సెక్షన్ 479 ప్రకారం, మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరాలు కానప్పుడు, గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపిన విచారణ ఖైదీని బెయిలు మీద వదలాలి. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారికి మూడో వంతు చాలు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే ఇది వర్తించదు. ఆ కాలం నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. పాత కేసుల్లోని విచారణ ఖైదీలకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీవాళ్ల విషయంలో ఆ దరఖాస్తు పంపారా, ఏ తేదీన పంపారు అని అడగండి.

బెయిలు వచ్చినా విడుదల కానివాళ్ల సంగతి మరీ అన్యాయం. బెయిలు ఆర్డరు ప్రతిని అదే రోజు లేదా మర్నాడు ఈమెయిల్‌లో జైలుకు పంపాలని, 7 రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. జామీనుదారులు దొరక్క ఆగిపోయిన ప్రతి పేదవాడి విషయంలో ఈ ఉత్తరం వెళ్లిందో లేదో అడగవలసిందే.

10. "తొందరేముంది, గొడవ చల్లారాక చూద్దాం"

గొడవ చల్లారేసరికి సాక్ష్యం పోతుంది. స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు భద్రపరచాలని పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆదేశాన్ని నమ్మి ఊరుకోవద్దు. స్టేషన్‌లో దెబ్బలు తగిలాయంటే ఆ వారంలోనే తేదీ, సమయం, ఏ గది, ఏ ద్వారం అన్న వివరాలతో "ఈ రికార్డింగు చెరిపేయకుండా భద్రపరచండి" అని ఎస్పీకి, ఆ ప్రాంత మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా ఇవ్వండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు కూడా ప్రతి పంపండి. భద్రపరచమని అడగడం ముందు, ప్రతి ఇవ్వమని అడగడం తర్వాత.

రోడ్డు ప్రమాదంలోనూ అంతే. పరిహారం దావాకు ఎఫ్‌ఐఆర్, పంచనామా, మోటారు వాహన తనిఖీ అధికారి రిపోర్టు, పోస్ట్‌మార్టం లేదా గాయాల ధ్రువపత్రం, వాహన బీమా వివరాలు కావాలి. దినకర్మ అయ్యాక చూద్దామని ఊరుకుంటే వాహనం చేతులు మారుతుంది. ఇంట్లో దుఃఖంలో లేని ఒక్కరు ఈ పని మీదే ఉండాలి.

11. "కాగితం దొరికింది కదా, గ్రూపులో పెట్టండి"

పెట్టకండి. అత్యాచార బాధితురాలి పేరు గానీ ఆమెను గుర్తుపట్టగలిగే వివరం గానీ ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద 2 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. పిల్లల విషయంలో పోక్సో చట్టం సెక్షన్ 23, బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ఇలాగే నిషేధిస్తున్నాయి. ఎఫ్‌ఐఆర్‌లో పేరున్న మనిషి నేరం చేసినట్టు తేలలేదు. రేపు కోర్టు కొట్టేసినా ఆ ఫొటో ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది. మీ హక్కు కోసం తీసుకున్న కాగితం ఇంకొకరి బతుకును దెబ్బతీయకూడదు. న్యాయవాదికి, కోర్టుకు, కమిషన్‌కు ఇవ్వండి. ఒరిజినల్‌ను ఇంట్లో దాచి ఎక్కడికైనా జిరాక్సే ఇవ్వండి.

ఇవన్నీ ఒక్కరే చేయలేమనిపిస్తే ఒంటరిగా పోరాడవలసిన పని లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఆ సంస్థ కార్యాలయం ఉంది. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు క్రైం నంబరు, తేదీలు, మీరు ఇచ్చిన ప్రతి దరఖాస్తు రసీదు వెంట తీసుకెళ్లండి. మీ వీధిలో ఎవరికైనా ఇలాంటి కష్టమొచ్చినప్పుడు ఎవరికో ఫోన్ చేయిస్తానని మాటివ్వడం కన్నా, పక్కన కూర్చుని ఒక దరఖాస్తు రాసిపెట్టండి, దానికి రసీదు తెచ్చుకునేదాకా తోడు వెళ్లండి.